తరగతిలో తోడు

ఏటేట ఈ వార్షిక సంచికలో పరీక్షా ఫలితములను గూర్చియో, మాతృభాషా బోధనను గూర్చియో నాలుగు మాటలు వ్రాయుట మాకు పరిపాటి. ఈ యేడు ఒకే బెంచిపై ప్రక్కప్రక్కన కూర్చుండు ఇరువురు పిల్లలను గూర్చి వ్రాయదలచితిమి. వారిలో ఒకరికి చూపు గాని, వినికిడి గాని, నడక గాని, చదువును గ్రహించు వేగము గాని తక్కువ. రెండవవారికి అట్టి లోపమేదియు లేదు. మొదటివారి చదువు సాగుట చాలవఱకు రెండవవారి నడతపై ఆధారపడి యున్నదనియు, ఆ నడత ఇంటి నుండియే వచ్చుననియు చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ రెండవవారు మీ పిల్లలు కావచ్చును. మొదటివారును మీ పిల్లలే కావచ్చును. కావున తల్లిదండ్రులందఱును దీనిని ఓపికతో చదువ ప్రార్థన.

పాట, బాట, మాట

ముందుగా మా తప్పిదమొకటి చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము అయిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిమి. ఆ తరగతిలో ఒక బాలునికి ఉక్తలేఖనములో తప్పులు మెండుగా వచ్చుచుండెను. మేము "మాట" అనిన అతడు "బాట" అని వ్రాయును. "పాలు" అనిన "మాలు" అని వ్రాయును. ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచుట అతని అలవాటు. అతనికి శ్రద్ధ లేదని మేము తలచితిమి. చూచి వ్రాయుచున్నాడని రెండు మూడు పర్యాయములు నిలువబెట్టితిమి. తుదకు ప్రక్కవానికి దూరముగా కడపటి బెంచికి పంపితిమి. అక్కడ తప్పులు ఇంకను పెరిగినవి.

ఒకనాడు, అంతకుముందు అతని ప్రక్కన కూర్చుండిన పిల్లవాడు మా గదికి వచ్చి, భయపడుచునే ఇట్లనెను: "సార్, మీరు మా వైపు తిరిగి చెప్తే వాడు సరిగ్గానే రాస్తాడు. బోర్డు వైపు తిరిగి చెప్తేనే తప్పులు రాస్తాడు."

ఇరువదియైదేండ్ల అనుభవము గల మేము కనుగొనలేని సంగతిని పదేండ్ల బాలుడు కనుగొనెను. ఆ పిల్లవాని తల్లిదండ్రులను పిలిపించి చెవుల పరీక్ష చేయింపగా, రెండు చెవులకును వినికిడి తక్కువయని తేలినది. అతడు మా పెదవుల కదలికను చూచి మాటలను గ్రహించుచుండెను. ప, బ, మ అను మూడక్షరములను ఓష్ఠ్యములందురు; మూడింటిని పెదవులు మూసి తెరచియే పలుకుదుము. మీరును అద్దము ముందు నిలిచి, శబ్దము లేకుండ పాట, బాట, మాట అని పలికి చూడుడు. మూడును ఒక్క తీరుననే కన్పట్టును. ఆ బాలుని తప్పులు అశ్రద్ధవలన వచ్చినవి కావు. ప్రక్కవాని పుస్తకమును చూచుట దొంగతనమును కాదు. చెవి అందింపలేని దానిని కంటితో అందుకొనుటకు అతడు తనకు తానే కల్పించుకొన్న ఉపాయమది.

తరువాత అతనికి వినికిడి యంత్రము వచ్చినది. ముందు బెంచిలో చోటిచ్చితిమి. బోర్డుపై వ్రాయునప్పుడు మాటలాడరాదని, వ్రాసి ముగించి, పిల్లల వైపు తిరిగి మాటలాడవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. చెప్పినదానిని సరిచూచుకొనుటకు మిత్రుని పుస్తకమును చూడవచ్చునని అందఱి యెదుట అనుమతి యిచ్చితిమి. ఆ సంవత్సరము చివరకు అతని తప్పులు తక్కిన పిల్లల తప్పుల వంటివే అయినవి. యంత్రము చేసిన మేలు గొప్పదే. కాని ఆ యంత్రము అవసరమని మొదట తెలిపినది ప్రక్క బెంచి బాలుడే.

చేర్చుకొనుట, కలుపుకొనుట

పిల్లవానిని బడిలో చేర్చుకొనుట ఒకటి. బడిలో కలుపుకొనుట మఱియొకటి. ఈ భేదమును తెలుగువారమైన మనకు బొల్లా శ్రీకాంత్ గారి జీవితము చక్కగా తెలుపుచున్నది. వారు కృష్ణా జిల్లాలో మచిలీపట్నము దగ్గఱి పల్లెలో, పుట్టుకతోనే చూపు లేనివారై జన్మించిరి. చిన్ననాడు కొన్ని మైళ్ళు నడచి ఊరి బడికి పోయిరి. దారిలో తోటిపిల్లలుండిరి, వారి వెంటనే నడచిరి, ఒకే గదిలో కూర్చుండిరి. కాని తనతో మాటలాడువారు లేరని, ఆటలలో చేర్చుకొనువారు లేరని, కడపటి బెంచియే తన చోటైనదని వారు పెద్దయైన పిమ్మట పలుమార్లు చెప్పియున్నారు. హాజరు పట్టీలో పేరుండెను గాని తరగతిలో చోటు లేకపోయెను.

అనంతరము హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చేరి, పదవ తరగతి మంచి మార్కులతో ముగించిరి. ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రము చదువుటకు అంధులకు వీలులేదని అడ్డు చెప్పగా, న్యాయస్థానమునకు పోయి అనుమతి సాధించిరి. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరిరి. తిరిగి వచ్చి 2012లో హైదరాబాదున ఒక పరిశ్రమ స్థాపించి, అందులో వైకల్యము గల పెక్కుమందికి పని కల్పించిరి. ఇంతటి మేధ గల బాలునితో ఊరి బడిలో ఒక్క మిత్రుడైన మాటలాడి యుండిన ఆ మొదటి యేండ్లు వ్యర్థము కాకపోయెడివి. అందఱు పిల్లలును న్యాయస్థానము వఱకు పోజాలరు. అందఱికిని ప్రక్కన కూర్చుండు తోడు మాత్రము దొరకవచ్చును.

చట్టము చెప్పునది

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలమంది. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించినది. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ నుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక విధములను గుర్తించినది. చూపు, వినికిడి, నడకలకు సంబంధించినవే గాక, బుద్ధిమాంద్యము, ఆటిజము, తెలివితేటలుండియు అక్షరములను కూడబలుక లేకపోవుట వంటి అభ్యసన వైకల్యములును అందులో చేరినవి. ఇట్టి పిల్లలు తక్కినవారితో కలిసి చదువుటను సమ్మిళిత విద్య అందురు. అనగా పిల్లవాడు బడికి సరిపోవునట్లు మాఱుట కాదు. బోధనా పద్ధతియే పిల్లవానికి తగినట్లు మాఱుట. ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని పొందిన విద్యాసంస్థలన్నిటియందు ఇట్టి విద్య జరుగునట్లు చూడవలెనని ఈ చట్టము ప్రభుత్వమునకు చెప్పినది. చేర్చుకొనుటలో భేదము చూపరాదు, ఆటపాటలలో సమానావకాశమీయవలెను, మెట్ల ప్రక్కన వాలుబాట వంటి సౌకర్యములు కల్పింపవలెను.

ఇచ్చట మన సంస్థను గూర్చి ఒక మాట. భాషాపరముగ అల్పసంఖ్యాకులమైన మనకు రాజ్యాంగము 30వ అధికరణము ద్వారా పాఠశాలలు స్థాపించి నడపుకొను హక్కును ప్రసాదించినది. 2009 నాటి విద్యా హక్కు చట్టము అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు వర్తింపదని 2014లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పును చూపి "మనకు ఈ బాధ్యత లేదు గదా" అని యడిగినవారిని మేము ఎఱుగుదుము. 2016 నాటి చట్టము వేఱు; అందులో గుర్తింపు గల విద్యాసంస్థలన్నిటిని గూర్చిన మాటయున్నది గాని భాషనుబట్టి భేదము లేదు. అయినను చట్టము కంటె ముందు ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. మన పెద్దలు ఈ బడిని ఎందుకు స్థాపించిరి? పెద్ద తరగతిలో, రాని భాషలో చెప్పు పాఠము అర్థముగాక, కడపటి బెంచిలో మౌనముగా కూర్చుండు తెలుగు పిల్లలను చూచి కదా. అట్టి పిల్లల కొఱకు పుట్టిన బడిలో వేఱొక కారణమున వేఱొక పిల్లవాడు కడపటి బెంచిలో మౌనముగా కూర్చుండుట మనకు తగునా?

మన పాత బడుల పద్ధతి

తోటివిద్యార్థి సహాయమనునది పరదేశముల నుండి వచ్చిన క్రొత్త విషయమని కొందఱి తలంపు. అది సరి కాదు. 1823లో బళ్ళారి కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ఒక నివేదిక వ్రాసెను. తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసిన దొర ఇతడే. అప్పుడు ఆ జిల్లాలో 533 బడులుండగా, వానిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. ముందు చదివిన పిల్లలు వెనుకనున్న పిల్లలకు నేర్పుట, అట్లు నేర్పుచు తమ చదువును తామే గట్టి చేసికొనుట ఆ బడుల పద్ధతియని అతడు మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియే యున్నదని వ్రాసెను. అంతకుముందే మదరాసులో అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను పాదరీ ఈ విధానమును గమనించి, 1797లో ఇంగ్లండున ఒక పుస్తకము ప్రకటించెను. అక్కడ దానికి మదరాసు పద్ధతియను పేరే నిలిచినది. ఆ పాత బడులన్నియు ఆదర్శములని మా భావము కాదు. వానిలో బాలికలు బహు కొలదిమంది. కాని పిల్లవాడు పిల్లవానికి గురువు కాగలడను సత్యమును మాత్రము వారు ఎఱిగియుండిరి.

పారిస్ నగరములోని అంధ విద్యార్థులును ఇదే సత్యమును మఱియొక విధముగ నిరూపించిరి. అక్కడి పాఠశాలలో చదివిన లూయీ బ్రెయిల్ పదునైదేండ్ల వయసున, 1824 నాటికి, వ్రేళ్ళతో తడిమి చదువదగిన ఆరు చుక్కల లిపిని కల్పించెను. 1840 ప్రాంతమున ఆ పాఠశాల అధికారులే ఆ లిపిని నిషేధించిరి. విద్యార్థులు మానలేదు; రహస్యముగా ఒకరికొకరు నేర్పుకొని దానిని బ్రదికించిరి. బ్రెయిల్ 1852లో మరణించెను. ఆ తరువాత రెండేండ్లకు ఫ్రాన్సు దేశము ఆ లిపిని అంగీకరించెను. 1951లో మన భారతీయ భాషలన్నిటికిని కలిపి భారతి బ్రెయిలు ఏర్పడినది. నేడు తెలుగు అక్షరమాలయు ఆ ఆరు చుక్కలతోనే వ్రాయబడుచున్నది.

తోడు నేర్పవలసిన విధము

మంచి మనసున్నంత మాత్రమున మంచి సహాయము కాజాలదు. సహాయము చేయుటయు నేర్చుకొనవలసిన విద్యయే. మేము తరగతులలో చెప్పుచున్న ఆఱు నియమములను ఇంటివద్ద మీరును చెప్పవలెనని కోరుచున్నాము.

మొదటిది, అడిగి సహాయము చేయుట. చక్రముల కుర్చీలో నున్న బాలికను అడుగకయే త్రోయరాదు. చూపు లేని బాలుని చేయి పట్టి లాగరాదు. అతడే మన మోచేతికి కొంచెము పైగా పట్టుకొని, అర అడుగు వెనుకగా నడచును. మెట్లు వచ్చినప్పుడు పైకా క్రిందికా అని ముందుగా చెప్పిన చాలును.

రెండవది, వంతులు వేసికొనుట. ఒక్కరినే ఎల్లకాలము తోడుగా నియమించిన ఆ పిల్ల విసుగు చెందును. రెండవ పిల్ల ఆమెపైననే ఆధారపడును. అందుచే వారమునకు ఇరువురు చొప్పున మాఱవలెను. ఒకే బడిలో చదువు అక్కను తమ్మునికి కావలి యుంచుట పెక్కు ఇండ్లలో చూచుచున్నాము. అక్క చదువును చదువే. ఆమె విశ్రాంతి వేళయు ఆమెదే.

మూడవది, చేసిపెట్టుటకు బదులు చేయనిచ్చుట. మెల్లగా వ్రాయు బాలుని చేతి నుండి కలము తీసికొని వ్రాసి పెట్టుట సహాయము కాదు. అతడు ముగించువఱకు ఆగుటయే సహాయము. ప, వ, ష లకును, ద, ధ లకును భేదము పోల్చలేక తడబడు పిల్లకు జవాబు చెప్పుట కంటె, ప్రశ్నను పైకి చదివి వినిపించుట మేలు.

నాలుగవది, ఇచ్చి పుచ్చుకొనుట. ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు చిన్నబోవును. వైకల్యము గల పిల్లలకును తరగతిలో ఒక పని యుండవలెను. ఒకరు హాజరు పిలువవచ్చును. ఒకరు గ్రంథాలయ పుస్తకములు పంచవచ్చును. జ్ఞాపకశక్తి గలవారు పద్యములు తక్కినవారికి అప్పగింపజేయవచ్చును.

అయిదవది, పేరుతో పిలుచుట. కుంటివాడు, మొద్దు, నత్తివాడు అను మాటలు పిల్లలు బడిలో కనిపెట్టినవి కావు. పెద్దల నోటి నుండి విని బడికి తెచ్చినవి. ఇంటిలో ఈ మాట ఆగిననే బడిలో ఆగును.

ఆఱవది, పెద్దల పని పెద్దలకే విడుచుట. ఎత్తి కూర్చుండబెట్టుట, మందులిచ్చుట, మరుగుదొడ్డికి తోడ్పడుట పిల్లలకు అప్పగింపదగిన పనులు కావు. ఎవరైన బాధ పెట్టుచుండిన దానిని దాచక ఉపాధ్యాయునికి చెప్పుట చాడీ కాదు. తోటివాని తోడు గొప్పదే గాని, అది శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి బదులు కాజాలదు.

ఆటస్థలములో

తరగతిలో కలిసినవారు ఆటస్థలములో విడిపోవుట తఱచు. "నీవు ఒడ్డున కూర్చుండి చూడు" అనుట దయగల మాటవలె తోచును. విన్నవానికి మాత్రము అది శిక్షయే. ఆటకు పిల్లవాడు సరిపోనప్పుడు నియమమును కొంచెము మార్చిన ఆట చెడిపోదు. అంధుల క్రికెట్టును చూడుడు. బంతి లోపల చిన్న గుండ్లుండి గలగలలాడును. బంతిని నేలబారుగా క్రింది చేతితో వేయుదురు. బొత్తిగా చూపు లేని ఆటగాడు తీసిన పరుగులను రెట్టింపు లెక్కింతురు. చూపు లేనివారును, కొంచెము చూపు గలవారును ఒకే జట్టులో నుందురు. ఈ క్రీడకు మన బెంగళూరు ముఖ్యస్థానము. 1997లో మహంతేశ్ గారును, వారి చిన్ననాటి మిత్రుడు నాగేశ్ గారును, ఇరువురును చూపు లేనివారై యుండియు, ఇక్కడ సమర్థనం అను సంస్థను స్థాపించిరి. చిన్ననాటి స్నేహము ఎంతటి పనికి పునాది కాగలదో ఆ సంస్థయే సాక్ష్యము. 2012లో అంధుల ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పు మొదటిసారిగా మన నగరముననే జరుగగా భారత జట్టు గెలిచినది. 2025 నవంబరులో కొలంబో నగరమున అంధ మహిళల మొదటి ప్రపంచ కప్పును కర్ణాటకకు చెందిన దీపిక నాయకత్వమున మన బాలికలు గెలిచిరి.

తల్లిదండ్రుల సందేహములు

"మా అబ్బాయి వేఱొకనికి చెప్పుచు కూర్చుండిన వాని చదువు వెనుకబడదా?" అని కొందఱు మమ్మడుగుదురు. బళ్ళారి బడులను చూచిన క్యాంబెల్ దొర రెండువందల యేండ్ల క్రిందటనే దీనికి సమాధానము వ్రాసియున్నాడు. ఒక లెక్కను తాను చేయుటకు ఒకసారి తెలిసిన చాలును. ఇంకొకరికి చెప్పుటకు రెండుసార్లు తెలియవలెను. వంతులు వేసి, రోజునకు కొలది నిమిషములకే పరిమితము చేసిన ఎవరి చదువునకును లోటు రాదు.

ఇక వైకల్యము గల పిల్లల తల్లిదండ్రులకు మా మనవి. దాచకుడు. నలుగురు నవ్వుదురేమో, చెల్లెలి పెండ్లికి అడ్డము వచ్చునేమో అని పరీక్ష చేయింపక జరుపు ప్రతి సంవత్సరమును పిల్లవాని చదువులో నుండియే పోవును. వినికిడి, మాటలకు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు, అభ్యసన వైకల్యములకు మన నగరములోని నిమ్‌హాన్స్ సంస్థయు పేరొందినవి. శారీరక వైకల్యము గలవారి కొఱకు, తానే అట్టి వైకల్యము గల ఎన్. ఎస్. హేమ గారు 1959లో ప్రారంభించిన సంస్థ, ఏ.పి.డి. అను పేరుతో నేటికిని బెంగళూరున పనిచేయుచున్నది. అర్హులైనవారికి పరీక్షలలో అదనపు సమయమును, వ్రాసిపెట్టు సహాయకుడును దొరకుదురు. దానికి ధ్రువపత్రములు కావలెను. పదవ తరగతి పరీక్షలు దగ్గఱకు వచ్చిన పిదప మేల్కొనిన ప్రయోజనము లేదు. ఎనిమిదవ తరగతిలోనే మమ్ము కలిసికొనుడు.

ముగింపు

మీ ఇంటిలో ఈ రాత్రి భోజనమువేళ పిల్లలను ఒక్క ప్రశ్న అడుగవలెనని మా కోరిక. "ఈనాడు నీకెన్ని మార్కులు వచ్చినవి?" అని అడుగుట అందఱికిని అలవాటే. దానితోపాటు, "ఈనాడు విశ్రాంతి వేళ ఒంటరిగా కూర్చుండినవారు ఎవరైన ఉండిరా?" అని కూడ అడుగుడు. ఆ ప్రశ్నను పది దినములు విన్న పిల్లవాడు పదునొకండవ దినమున తానే చుట్టును చూడ నారంభించును. చూచినవాడు ఊరకుండలేడు. మేము బోర్డు వైపు తిరిగి మాటలాడినప్పుడు మా తప్పును మాకు తెలిపిన ఆ బాలుని ఎవరును అట్లు చేయుమని నియమింపలేదు. వాడు ప్రక్కవానిని చూచెను, అంతియే. అట్టి చూపు మన పిల్లలందఱికిని అలవడినచో, ఈ బడిని స్థాపించిన పెద్దల కోరిక సంపూర్ణముగా నెఱవేరినట్లే యని మా విశ్వాసము.